తిరుపతయ్య చెప్పిన గ్రీసు పాఠం

ఆ శుక్రవారం పొద్దున తిరుపతయ్య వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి కూతురి బళ్ళో గ్రీసు గురించి నాలుగు ముక్కలు చెప్పి, మధ్యాహ్నానికల్లా ఆఫీసులో పడాలి. అతను అమెరికాలోని నోవైలో కార్ల చక్రాలకి బేరింగులు చేసే కంపెనీలో ఇంజినీరు. పదేళ్ళుగా గ్రీసుతోనే కాపురం.

ఆరో తరగతి చదివే సంహిత వారం ముందే చెప్పింది. "నాన్నా, గ్రీస్ మీద టాక్ ఇవ్వడానికి ఒక పేరెంట్ కావాలట. నువ్వు వస్తావని చెప్పేశా." అంతకు ముందు రెండుసార్లు వస్తానని మాటిచ్చి, రెండుసార్లూ ఆఫీసు కాల్‌లో ఇరుక్కుపోయాడు. అసలా పిల్లకి నాన్నే లేడని క్లాసులో కొందరు అనుకుంటున్నారట. ఈసారి తప్పితే కూతురికి ముఖం చూపించలేడు.

ఏమేం చెప్పాలని అడిగాడు. పాతకాలంలో ఎలా మొదలైందో చెప్పాలట. కొండల సంగతి రావాలట. సముద్రం మరీ ముఖ్యమట. తిరుపతయ్యకి ముచ్చటేసింది. పాతకాలమంటే రథాల ఇరుసులకి పూసిన కొవ్వు. కొండలంటే ఘాట్ రోడ్డులో కాగిపోయే చక్రాలు. సముద్రమంటే ఉప్పునీళ్ళకి కొట్టుకుపోని రకం. పిల్లలకి ఇంత లోతుగా చెబుతున్నారంటే ఈ దేశం ఊరికే ముందుకు పోలేదనుకున్నాడు.

తెల్లబట్ట చుట్టుకు రమ్మని టీచరు ఫోన్ చేసిందని భార్య వసంతలక్ష్మి చెప్పినప్పుడు మాత్రం కాస్త తికమకపడ్డాడు.

"గ్రీసు పనికి తెల్లబట్టలేంటే?"

"పిల్లల సరదా అండీ. మీ పెళ్ళి పంచె ఉందిగా, కట్టుకెళ్ళండి."

పంచె మీద చలికోటు, కాళ్ళకి స్నో బూట్లు, చేతిలో బకెట్టెడు గ్రీసుతో మంచు తొక్కుకుంటూ వెళ్ళాడు. సంహిత గుమ్మంలోనే పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. క్లాసునిండా దుప్పట్లు చుట్టుకున్న పిల్లలు, తలల మీద ఆకుల కిరీటాలు. గోడ మీద మంచమంత దేశపటం. దాని కింది అక్షరాలు చదివాకగాని తిరుపతయ్యకి అసలు సంగతి బోధపడలేదు. అది పూసే గ్రీసు కాదు, జనం ఉండే గ్రీసు దేశం.

అతని పంచె చూసి టీచరు మురిసిపోయింది. బకెట్టు బల్ల కిందికి తోసేలోపే ముందు వరసలోని రోహన్ మూత తీసేశాడు. ఏముందోనని తలా ఒక చెయ్యి పెట్టారు. పెట్టిన చేతులు పక్కవాడి దుప్పటికి తుడిచారు. వాళ్ళని వెనక్కి లాగిన టీచరు టవల్స్ తేవడానికి పరిగెత్తి తలుపు గుబ్బ పట్టుకుంటే, అది చేతిలో జారుతుందే గాని తిరగదు.

సంహిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెలుగులో మెల్లగా అంది. "నాన్నా, నీకు తెలీదు కదా?"

"తెలీకేం," అన్నాడు తిరుపతయ్య, భయాన్ని గోచీలో దోపుకుని. పటంలో క్రీట్ దీవి పక్కన ఓడ బొమ్మ, 'మొదటి నాగరికత' అన్న మాట కనబడ్డాయి. చాలనుకుని ఇంగ్లీషులో అందుకున్నాడు.

"మా ఊళ్ళో బండి కట్టేముందు ఇరుసుకి కందెన పెట్టేవాళ్ళం. నేల చదును, ఎంత దూరమైనా బండి పోయేది. ఇక్కడ చూడండి, ఎటు తిరిగినా కొండలే. బండెక్కదు. అందుకే ఏ లోయకా లోయ ఒక రాజ్యం. మరి రాకపోకలెలా? క్రీట్ వాళ్ళు ఓడలెక్కారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు ఎక్కారు. ఆ దేశానికి సముద్రమే కందెన."

చెబుతూ అతను గ్రీసంటిన వేలు పెట్టిన చోటల్లా కొండలు నిగనిగలాడాయి. చివరికి పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. చప్పుడు రాలేదు, చేతులు జారాయి. ఇన్నేళ్ళుగా చెబుతున్నా ఈ ముక్క తనకి తట్టలేదని టీచరు తలుపు దగ్గర్నుంచే ఒప్పుకుంది.

ఏదో గొడవని బయటనుంచి తలుపు తోసుకుని ప్రిన్సిపాల్ వచ్చాడు. తిరుపతయ్యకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, తన అరచెయ్యి చూసుకుని, ఇదేమిటన్నాడు.

సంహిత గడ్డం పైకెత్తింది. "గ్రీస్. మా నాన్న తెచ్చాడు."

పాఠం వినకుండానే వంటబట్టింది ఆ బళ్ళో ఆయనొక్కడికే.