మూడో అంతస్తులో కుర్చీల కరువు

ఆ రోజు పొద్దున లూసీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం కూర్చుని అన్నం తినాలి. అంతే. అమెరికాలోని ప్లేనోలో ఓ ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమె నర్సు. రాత్రి వండిన చేపల పులుసు, అన్నం డబ్బాలో సర్దుతూ భర్త సుందర్ రాజ్‌కి ఆ మాటే చెప్పింది.

"ఇవాళ కూర్చునే తింటానండీ. ఎవరు అడ్డొచ్చినా సరే."

"అన్నం తినడానికి కూడా శపథాలా?" అన్నాడతను లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"మీకేం, పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం! మా బ్రేక్ రూమ్‌లో కుర్చీలు తీసేశారని వారం నుంచీ మొత్తుకుంటున్నా, మీ చెవికెక్కితేనా?"

నిజంగానే తీసేశారు మరి. సిబ్బంది ఆరోగ్యం కోసమట! ఆసుపత్రివాళ్లు వ్యాయామ కార్యక్రమం ఒకటి పెట్టి, దానికి కెల్సీ అనే అమ్మాయిని ఇన్‌చార్జిగా వేశారు. ఆవిడ వస్తూనే చేసిన ఘనకార్యం, కుర్చీలన్నీ ఎత్తించేసి మ్యాట్లు, రబ్బరు తాళ్లు, ఇంతేసి బంతులు తెచ్చి పడేయడం. "కూర్చోవడమే అసలు జబ్బు" అని గోడకి పోస్టరొకటి. ఎవరికండీ చెబుతున్నారీ మాట? పొద్దున్నుంచీ ఈ మంచం దగ్గర్నుంచి ఆ మంచం దగ్గరికి పరిగెత్తేవాళ్లకి, తమకు రెట్టింపు బరువున్న మనుషుల్ని ఒత్తిగిలించి పడుకోబెట్టేవాళ్లకి! ఆ పోస్టరు రాసినవాళ్లు మాత్రం కచ్చితంగా కూర్చునే రాసి ఉంటారు.

ముందురోజు లూసీ గత్యంతరం లేక బంతి మీద కూర్చుని తినబోయింది. బంతి ఓ దిక్కు, ఆమె ఓ దిక్కు, పప్పుచారు మ్యాటు మీద. కెల్సీ పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. "గుడ్ జాబ్ లూసీ! నీ బ్యాలెన్స్ ఇంప్రూవ్ అవుతోంది!" ఒళ్లు మండదూ?

అందుకే ఇవాళ మధ్యాహ్నం ఆమె బ్రేక్ రూమ్ గడప తొక్కలేదు. లిఫ్టు పక్కన ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి కనిపిస్తే అందులో కూలబడింది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. తల వంచి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

నరసాపురంలో వాళ్లమ్మ నేర్పిన భోజన ప్రార్థన అది. రెండు ముక్కల్లో తేలదు. వార్డులో రోగులు, చర్చి కొత్త బిల్డింగు, సుందర్ రాజ్ ఉద్యోగం, కూతురు ఫెబీ పరీక్షలు, అన్నీ వరసగా రావాల్సిందే. మధ్యలో కళ్లు తెరవడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఆ రోజు కెల్సీకి మంచి బుద్ధి ప్రసాదించమని కూడా చేర్చింది. దానికి ఇంకాస్త సమయం పట్టింది.

అటుగా వచ్చిన ముసలి వాలంటీరుకు కనిపించిందేమిటి? వాలిపోయిన తల, మూతబడ్డ కళ్లు, అదురుతున్న పెదవులు. "మేడమ్, ఆర్ యూ ఓకే?" అన్నాడు. ఒక్క నిమిషం ఆగమని లూసీ చెయ్యెత్తింది. సాయం కోసం చెయ్యి చాస్తోందనుకున్నాడాయన. ఇంకేముంది, కుర్చీని లిఫ్టులోకి తోసి, తిన్నగా కింద ఎమర్జెన్సీకి ఉరికించాడు. కుర్చీ కదులుతోందని లూసీకి తెలుస్తూనే ఉంది. కానీ ఫెబీ మ్యాథ్స్ దగ్గర ఆపేస్తే ఎలా?

"ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి ఒంటి నిండా వైర్లు. ఎదురుగా డాక్టర్ కౌశిక్. తన స్నేహితురాలు అనురాధ కొడుకే. ఇక్కడే పుట్టి పెరిగినవాడు.

"ఆంటీ, మీరు ఫెయింట్ అయింది. నో వర్రీస్, నేను ఉంది కదా."

"ఫెయింటూ లేదు, పాడూ లేదు నాయనా! ప్రేయర్ చేసుకుంటున్నా. నా డబ్బా ఏది?"

"ఫుడ్ వద్దు ఆంటీ. టెస్ట్స్ అయ్యేదాకా ఏం తినకూడదు. మీ బీపీ చాలా హై ఉంది."

"అన్నం లాక్కుంటే పెరగదూ బీపీ!"

మళ్లీ చూశారు. ఇంకా పెరిగింది. పెరిగింది కాబట్టి ఇంకో టెస్టన్నారు. ఇంకో టెస్టన్నారు కాబట్టి మళ్లీ పెరిగింది. ఇంట్లో ఆకలికి అరిస్తే కోపమంటారు, ఆసుపత్రిలో అరిస్తే లక్షణమంటారు. ఏం చెప్పుకుంటాం!

ఈలోగా ఎవరో సుందర్ రాజ్‌కి ఫోన్ చేసి, "మీ భార్య స్పృహ తప్పింది" అని చెప్పారు. అతను చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. చూస్తుండగానే పాస్టర్ షాలేం రాజు గారు, ఆయన వెనక క్వయర్ మొత్తం దిగిపోయారు. మంచం చుట్టూ చేరి ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన ముందు లూసీది ఏపాటి!

"అయ్యగారూ, నాకేం కాలేదండీ! ఆకలేస్తోందండీ!"

"విశ్వాసమంటే అదేనమ్మా! ఏం కాలేదనే గట్టిగా నమ్ము" అని ఆయన మళ్లీ మొదటికొచ్చారు.

చివరికి పూలగుత్తి పట్టుకుని కెల్సీ వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వ్యాయామం చేస్తూ నర్సు పడిపోయిందని పైన మేనేజర్ల దాకా కబురు పాకిందట.

"లూసీ, నిజం చెప్పు. మా ప్రోగ్రామ్ వల్లే ఇలా అయిందా?"

లూసీ అబద్ధమాడే మనిషి కాదు. "ముమ్మాటికీ మీ ప్రోగ్రామ్ వల్లే!" అంది. "కుర్చీలు ఉంచి ఉంటే నేనిక్కడికి ఎందుకొస్తాను?"

ఆ ముక్క చాలింది. సాయంత్రానికల్లా కుర్చీలన్నీ బ్రేక్ రూమ్‌కి తిరిగొచ్చేశాయి. టెస్టులన్నీ నార్మల్ అని కౌశిక్ ఇంటికి పంపేశాడు. కారెక్కాక లూసీ డబ్బా అందుకుంది. తేలిగ్గా ఉంది.

"టెన్షన్‌లో ఆకలేసింది లూసీ" అన్నాడు సుందర్ రాజ్ నెమ్మదిగా. "డబ్బా నా చేతికిచ్చారు. వెయిటింగ్ రూమ్‌లో నేనే తినేశా."

"కూర్చునేనా?" అంది లూసీ.

మర్నాడు ఆమె బ్రేక్ రూమ్‌లోకి అడుగుపెడితే తోటి నర్సులంతా కూర్చుని తింటున్నారు. ఆమెను చూసి చేతులూపారు, ఒకావిడ థాంక్స్ కూడా చెప్పింది. లూసీకి కడుపు నిండినట్టైంది. కిటికీ పక్కన మంచి కుర్చీ చూసి, దగ్గరికి లాక్కుని, డబ్బా మూత మీద చెయ్యి వేసింది.

"నో నో, లూసీ!" కెల్సీ ఎక్కణ్నుంచో ఊడిపడింది. "పడిపోయినవాళ్లకి స్పెషల్ రికవరీ ప్రోగ్రామ్ పెట్టారు. మేనేజ్‌మెంట్ ఆర్డర్. రోజూ లంచ్ టైమ్‌లోనే, నిలబడే చేయాలి. భయపడకు, నేను పక్కనే ఉండి చూసుకుంటా."

లూసీ లేచి చేతులు పైకెత్తింది. కిటికీ పక్కన కుర్చీలో హాయిగా కూర్చుని, కెల్సీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.