ఆగని చీమ, ఆగని పరిషత్తు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ ఒకేసారి ఒక పిచ్చి పట్టుకుంది. తిండి పిచ్చి కాదు, పదవి పిచ్చి కాదు, పరిశోధన పిచ్చి. పదవి పిచ్చి తర్వాత వచ్చింది.

దీనికంతటికీ మూలం నిమ్మళమ్మ అనే తాబేలు. పేరుకు నిమ్మళమే గాని, ఏదైనా సంగతి బుర్రలో దూరిందంటే ఆవిడకు తిండి సయించదు. ఒకరోజు వాగుకు వెళుతూ దారిలో ఒక చీమను చూసి ఆగిపోయింది. చీమ ముందు చింతాకులు వరసగా పడి ఉన్నాయి. చీమ ఒక ఆకును తిప్పేసి కుడికి జరుగుతోంది, ఇంకో ఆకును తిప్పకుండా ఎడమకు జరుగుతోంది. చాలా శ్రద్ధగా చేస్తోంది. ఎందుకు చేస్తోందో మాత్రం దానికీ తెలియదు.

ఆ అడవి చీమల తీరే అంత. ఒక్కొక్కటీ ఒక్కో చిన్న నియమంతో పుడుతుంది. ఆకు పచ్చ వైపు కనిపిస్తే ఇలా చెయ్యి, తెల్ల వైపు కనిపిస్తే అలా చెయ్యి, ఫలానాది ఎదురైతే ఆగు. అంతకు మించి ఆ తలలో చోటు లేదు. ఇంత చిన్న తలకాయతో అవి చేసే చిత్రాలు అన్నీ ఇన్నీ కావు. కొన్ని నాలుగడుగులు వేసి ఆగిపోతాయి. కొన్ని ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. ఇంకొన్ని ఇదిగో ఆగుతా, అదిగో ఆగుతా అని పొద్దుగూకే దాకా ఊరించి మళ్ళీ బయల్దేరతాయి.

చీమ నియమాన్ని చూసి, అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో ముందే చెప్పగలమా? ఇదీ నిమ్మళమ్మ బుర్రలో దూరిన పురుగు. ఆవిడ ఈ ప్రశ్నను వడ్రంగిపిట్టకు చెప్పింది. వడ్రంగిపిట్ట చెట్టు చెట్టుకూ చెప్పింది. వారం తిరక్కుండా అడవిలో వేరే మాట వినబడితే ఒట్టు.

ఎవరికి వాళ్ళు ఒక్కో చీమను పట్టుకుని కూర్చున్నారు. సాలీడు చీమలను రకాలుగా విడదీసి గూట్లో గదులు గదులుగా వేలాడదీసింది. గబ్బిలాలు అన్ని నియమాలనూ తలకిందులుగా చదివి, ఆశ్చర్యం, రెండు తప్పులు పట్టుకున్నాయి. జింకలు మేత మానేసి, ఆగుతుందని కొన్ని, ఆగదని కొన్ని జట్లు కట్టి కొట్లాడుకున్నాయి. ఒక బొరియలోంచి, పేరు చెప్పని ఎవరో అద్భుతమైన నిరూపణలు వినిపించేవాళ్ళు. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. చివరికి సన్మానం ఆ బొరియకే చేసి, శాలువా బొరియకే కప్పారు. శాలువా లోపలికి వెళ్ళిపోయింది.

అబ్బ, ఎంత హాయి రోజులవి. పులి కూడా వచ్చి ఒక మూల కూర్చుని, నా చీమ సంగతి కాస్త చూడండి అని అడిగేది. దాని చీమ ఆగిపోతుందని కుందేలు తేల్చి చెబితే, పులి కుందేలుకు దణ్ణం పెట్టి వెళ్ళింది. అడవి చరిత్రలో అంతకు ముందు అలా జరగలేదు.

ఇంత మంచి పని సంఘం లేకుండా జరిగిపోతుంటే వినయభూషణం చూస్తూ ఊరుకోలేకపోయాడు. వినయభూషణం నక్క. ఎక్కడ నలుగురు గుమిగూడినా అక్కడ కార్యదర్శి కావడం ఆయన పుట్టుకతో తెచ్చుకున్న నియమం. 'అఖిలారణ్య ఆగుడు పరిషత్తు' అని పేరు పెట్టి, దంతప్ప అనే ఏనుగును అధ్యక్షుడిని చేశాడు. దంతప్పగారు పెద్దమనిషి. ఆయనకు చీమలు కనబడవు గాని తీర్మానం అంటే ప్రాణం. ఏ తీర్మానాన్నీ ఇంతవరకు మీరింది లేదు. కొమ్మేశ్వరరావు అనే కోతి ఉపాధ్యక్షుడు. సభ్యులందరికీ సమావేశం అయ్యాక ఇప్పపూల ఫలహారం. ఈ ఏర్పాటు తర్వాత సమావేశాలు బాగా పెరిగాయి.

పరిషత్తు రెండు తీర్మానాలు చేసింది. మొదటిది నిమ్మళమ్మే తెచ్చింది. పరిశోధన జరుగుతుంటే కుందేళ్ళు ఆకుల మీదుగా గెంతుతున్నాయని ఆవిడకు ఒళ్ళు మండి, 'చీమ ఆగేదాకా అందరూ ఆగవలెను' అంది. అంటే ఆకుల వరస దాటకూడదు. ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. కాపలాకు ముళ్ళపందులను పెట్టారు.

రెండోది వినయభూషణం తెచ్చాడు. ఒక చీమ తను ఇంతకు ముందున్న స్థితికే, అవే ఆకులతో, అదే చోటికి, అదే ఊపులో మళ్ళీ వచ్చిందంటే, ఇక అది ఎప్పటికీ అలాగే తిరుగుతుంది, ఆగదు. ఈ సంగతి కనిపెట్టింది సాలీడు. దాన్ని తీర్మానంగా రాసే భాగ్యం మాత్రం కార్యదర్శిది. అయితే 'చీమ' అన్న మాట తీర్మానంలో మరీ చిన్నగా కనిపించింది ఆయనకు. పరిషత్తు గౌరవం ఏం కావాలి? అందుకని ఇలా రాశాడు: 'ఎవరైతే వెనుకటి స్థితికే యథాతథముగా వేంచేయుదురో, వారు ఎన్నటికీ ఆగరని తేల్చి, తక్షణమే వారిని వరసపై నుండి తొలగించవలెను.' చీమను 'వారు' అన్నందుకు చీమలు కూడా పొంగిపోయాయి. చిలక దీన్ని రాగం కట్టి ప్రతి సమావేశంలోనూ పాడేది.

పని చకచకా సాగింది. తిరిగేవాళ్ళను తీసేశారు, ఆగేవాళ్ళు ఆగారు. చివరికి ఒక్క చీమ మిగిలింది. దాని పేరు అప్పాయమ్మ.

అప్పాయమ్మ నియమం పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. తెల్ల ఆకు కనిపిస్తే సాగిపో. పచ్చ ఆకు కనిపిస్తే దాన్ని తెల్లగా తిప్పి వెనక్కి తిరుగు. తిరగ్గానే మళ్ళీ పచ్చ ఆకే ఎదురైతే ఆగు. అన్నీ పచ్చ ఆకులున్న వరస మధ్యలో ఒక్క తెల్ల ఆకు మీద దాన్ని నిలబెట్టారు. అది కుడి చివరికి వెళ్ళి ఒక ఆకు తిప్పేది, ఎడమ చివరికి వచ్చి ఒక ఆకు తిప్పేది. తెల్ల ఆకుల దారి అటొకటి ఇటొకటి పెరుగుతూ పోయింది. పరిషత్తు రెండు చివర్లా కొత్త ఆకులు పేరుస్తూ పోయింది.

నిమ్మళమ్మ చూసింది, నవ్వుకుంది. వెనక్కి తిరిగినప్పుడల్లా దానికి ఎదురయ్యేది తను ఇదివరకు తెల్లగా తిప్పి వదిలిన ఆకే. పచ్చది ఎదురు కానే కాదు. కాబట్టి ఎప్పటికీ ఆగదు. ఇంత చక్కని నిరూపణ దొరికిన రోజు ఆవిడ డిప్ప మీద వెల్లకిలా పడి, తిరగబడలేక, అలాగే కాసేపు ఆనందపడింది.

వినయభూషణం మాత్రం వేరే లెక్క వేసుకున్నాడు. చివరి చీమ తేలిపోతే పరిషత్తు పని అయిపోయినట్టే. పరిషత్తు లేకపోతే కార్యదర్శి లేడు, ఇప్పపూలు లేవు. ఆయన సభలో లేచి ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"నిరూపణ బాగుందమ్మా. కానీ ఆగదు అనాలంటే, ఆగకపోవడం మనం కళ్ళారా చూడాలి కదా."

"ఎప్పటికీ ఆగని దాన్ని చివరిదాకా ఎలా చూస్తామండీ?"

"నేనూ అదే అంటున్నాను. చివరిదాకా చూడకుండా ఎలా చెబుతాం?"

సభ్యులు అవునవునన్నారు. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఆ తర్వాతి సమావేశంలో దాని తర్వాతి సమావేశానికి. అప్పాయమ్మ నడుస్తూనే ఉంది, వరస పెరుగుతూనే ఉంది, ఇప్పపూలు వస్తూనే ఉన్నాయి.

ఈ సందడిలో నిమ్మళమ్మ ఒక సంగతి మరిచిపోయింది. వరసకు ఇవతల ఇసుకలో ఆవిడ గుడ్లు పెట్టి ఉంది. వాగు వరసకు అవతల ఉంది.

ఒక ఉదయం ఇసుక కదిలింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ బయటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే నీళ్ళ వైపు మూతులు తిప్పాయి. నిమ్మళమ్మ ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే బెదిరింది. పొద్దెక్కితే ఇసుక పెనంలా కాలుతుంది. పైన అప్పటికే గద్దలు తిరుగుతున్నాయి. నీళ్ళు చేరకపోతే ఒక్క పిల్లా దక్కదు.

వరస దగ్గర ముళ్ళపందులు అడ్డం నిలబడ్డాయి. చీమ ఆగేదాకా అందరూ ఆగాలి, మీరు తెచ్చిన తీర్మానమే కదమ్మా అన్నాయి. చుట్టూ తిరిగి పోదామంటే, తాబేలు పిల్ల నడక కన్నా పరిషత్తు చివర్లలో ఆకులు పేర్చే వేగం ఎక్కువ. నిమ్మళమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన మీద తనకే కోపం వచ్చింది. వరస మీద నడుస్తూ వస్తున్న చీమను పలకరించింది.

"అప్పాయీ, నువ్వయినా కాసేపు ఆగలేవటే?"

"నాకేం తెలుసు పిన్నీ. నాకు తర్వాతి ఆకు దాకానే తెలుసు," అని అప్పాయమ్మ సాగిపోయింది.

నిమ్మళమ్మ పిల్లలను ఒక పొద నీడన నిలబెట్టి, అత్యవసర సమావేశం కావాలని కబురు పెట్టింది. ఫలహారం ఉన్న సమావేశాన్ని వినయభూషణం ఎన్నడూ కాదనలేదు. పరిషత్తు ఎప్పటిలాగే వరసకు సరిగ్గా మధ్యలో, అటు కొందరు ఇటు కొందరు కూర్చుంది. చిలక తీర్మానం పాడింది. దంతప్పగారు తుమ్మారు. వరస మీద ఆకులు ఎగిరిపోకుండా ముళ్ళపందులు పట్టుకున్నాయి. ఇది ప్రతిసారీ జరిగేదే.

దంతప్పగారు ఎప్పుడూ అనే మాటకు నోరు తెరవబోయేలోగా నిమ్మళమ్మే అనేసింది, "'ఇంతకూ మనం ఎక్కడున్నాం?'"

"ఇంతకూ మనం ఎక్కడున్నాం?" అన్నారు దంతప్పగారు. అని, ఆశ్చర్యంగా ఆవిడ వైపు చూశారు.

"'నాకొక సందేహం ఉంది,'" అంది నిమ్మళమ్మ.

అప్పటికే లేచి నిలబడ్డ కొమ్మేశ్వరరావు నోటిలోంచి అవే మాటలు వచ్చేశాయి. ఆ తర్వాత సందేహం ఏమిటో మరిచిపోయి తల గోక్కోబోయాడు. గోక్కుంటాడని కూడా ఆవిడ చెప్పేసింది. చెయ్యి గాల్లోనే ఆపుకుందామని చూశాడు గాని, దురద ఆగలేదు, గోక్కున్నాడు. సభలో కిచకిచలు మొదలయ్యాయి. 'లోతుగా ఆలోచించాల్సిన విషయం' అని ఎలుగుబంటి అనబోతోందని చెబితే, ఎలుగుబంటి మాట మింగబోయి పొలమారింది. జింకలు నవ్వలేక ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. చివరికి సభంతా కార్యదర్శి వైపు తిరిగింది.

వినయభూషణం పెదవులు బిగించుకున్నాడు. ఏం అన్నా ఆవిడ ముందే అనేస్తుందని తెలుసు. కానీ ఇప్పపూల వాసన తగిలింది. పాపం, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"వచ్చే సమావేశంలో చూద్దాం," అన్నాడు.

సభ్యులందరూ అదే మాటను ఆయనతో కలిసి పాడారు. నిమ్మళమ్మ ముందుకు జరిగింది.

"అధ్యక్షా, పోయిన సమావేశంలోనూ ఇవే మాటలు, ఇదే చోటు, ఇవే తుమ్ములు. వెనకటి స్థితికే యథాతథంగా వేంచేశాం. ఇక మనం ఎన్నటికీ ఆగమని తేలినట్టే. తీర్మానం ప్రకారం మనల్ని వరస మీంచి తొలగించాలి."

ఆ తీర్మానం చీమల కోసం అన్నాడు వినయభూషణం. దంతప్పగారు చిలకను మళ్ళీ పాడమన్నారు. చిలక రాగం తీసి పాడింది. పాటలో 'ఎవరైతే' ఉంది, 'వారు' ఉంది, చీమ ఎక్కడా లేదు.

"తీర్మానం తీర్మానమేనయ్యా," అన్నారు దంతప్పగారు. "లే."

ఆయన లేచారు. ఏనుగు లేచాక మిగతావాళ్ళు కూర్చుని ఉండడం క్షేమం కాదు. ఎన్నటికీ ఆగదని తేలిన పరిషత్తు ఆ క్షణమే ఆగిపోయింది. పరిషత్తు లేకపోతే ఫలహారం కూడా లేదని లెక్క వేసుకుని ముళ్ళపందులు ఇంటికి పోయాయి.

నిమ్మళమ్మ పొద వైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. పిల్లలు బయల్దేరాయి. గద్ద ఒకటి కిందికి దిగబోతే దంతప్పగారు అడ్డంగా నిలబడి చెవులు విసిరారు. చిన్న చిన్న కాళ్ళు ఆకుల మీదుగా టపటపా పరిగెత్తాయి. తాబేళ్ళు పరిగెత్తడం అడవి మొదటిసారి చూసింది. ఒకటొకటిగా వాగులో పడి, బుడుంగున మునిగి, తలలు పైకెత్తాయి. నిమ్మళమ్మ లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఒడ్డున నిలబడి ఏడ్చింది, నవ్వింది, ఏది ముందు చేసిందో ఆవిడకే తెలియదు.

అంతలో వెనక నుంచి పెద్ద గోల. ఆగింది, ఆగింది అని జింకలు గెంతుతున్నాయి.

నిజంగానే ఆగింది. అప్పాయమ్మ తెల్ల ఆకుల దారి చివర పచ్చ ఆకును తెల్లగా తిప్పుతుండగా, అందరికన్నా వెనకబడ్డ పిల్ల ఒకటి దాని వీపు వెనకాలగా పోయింది. పోతూ పోతూ ఒక తెల్ల ఆకును కాలితో పచ్చగా తిప్పేసింది. అప్పాయమ్మ వెనక్కి తిరిగింది. ఎదురుగా పచ్చ ఆకు. నియమం నియమమే కదా, అక్కడే కూర్చుండిపోయి, చాలాకాలానికి కాళ్ళు చాపుకుంది.

వినయభూషణం అప్పటికే ఒక రాయి ఎక్కాడు. తొందరపడి ఆగదన్నవాళ్ళు ఇప్పుడేమంటారని సభను అడిగాడు. చూస్తూ ఉండాలని తను ముందునుంచీ మొత్తుకుంటున్నట్టు గుర్తుచేశాడు. అది ఎందుకు ఆగిందో తేల్చడానికి కొత్త పరిషత్తు అవసరమన్నాడు. జింకలు చప్పట్లు కొట్టాయి. బొరియలోంచి శాలువా బయటికి వచ్చి కార్యదర్శి భుజాల మీద పడింది.

నిమ్మళమ్మకు ఒళ్ళంతా దురద పుట్టింది. తన నిరూపణ అక్షరం కూడా తప్పు కాదు. ఆకు తిప్పింది ఎవరో ఆవిడకు తెలుసు. నోరు తెరిచి చెప్పబోయింది. చెబితే దాని మీద సమావేశం పెడతారు. సాక్షిగా పిల్లను పిలుస్తారు.

నీళ్ళలోంచి ఆ పిల్ల, అమ్మ ఇంకా రాదేమని చూస్తోంది. నిమ్మళమ్మ నోరు మూసుకుని వాగులోకి జారింది.

నీతి: ఏదైనా ఎన్నటికీ ఆగదని తేల్చి చెప్పేముందు, మీ పిల్లలు ఎక్కడున్నారో ఒకసారి చూసుకోండి.