ఫొటో లేని కంపైలర్

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కంపైలర్ లారీ ఆగిపోయిందని రత్తమ్మగారికి ఎవరో చెప్పారట. ఆవిడ ఆ కబురు జగ్గయ్యపేటలో తన పక్కింటి రాగసుధకి ప్రహరీ మీదుగా అందించింది.

"మీ కాలేజీకేనంటమ్మా. దశరథరామయ్యగారు దగ్గరుండి తెప్పిస్తున్నారంట. లారీకి పట్టలేదంట!"

రాగసుధ నందిగామలో యూనివర్సిటీ పీజీ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. కంపైలరంటే పిల్లలు రాసిన ప్రోగ్రాముని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టే సాఫ్ట్‌వేరనీ, దానికి లారీ అక్కర్లేదనీ చెప్పబోయి, బస్సుకి టైమైందని ఊరుకుంది.

"పేద విద్యార్థికి అందుబాటు ధరలో కంపైలర్" అని సెంటర్ కమిటీ చైర్మన్ దశరథరామయ్యగారు అప్పటికే పేపర్లో ప్రకటించేశారు. ఎన్నికల్లో రెండుసార్లు ఓడించినా జనాన్ని వదిలిపెట్టని మహానుభావుడాయన. ఆ మధ్యాహ్నం మీటింగ్ పెట్టారు.

"ఏది చవకమ్మా?"

"ఒకటి పూర్తిగా ఫ్రీ అండి. నెట్‌లోంచి దించుకోవడమే. మన ల్యాబులో వాడేది అదే. వచ్చే నెల ప్రాక్టికల్స్ కూడా దాని మీదే."

చైర్మన్‌గారి ముఖం కందగడ్డయింది. "ఫ్రీగా ఎవరిచ్చారు?"

"ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి పెట్టారండి. ఎవరైనా తీసుకోవచ్చు."

"ఏ పార్టీ వాళ్లు?"

"పార్టీ లేదండి."

"ఫొటో?"

"లేదండి."

ఫొటో లేకుండా ఉచితంగా ఇచ్చే అనాచారం తన నియోజకవర్గంలోనే సాగుతోందని తెలిసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, ఎంతో దూరదృష్టితో "ఉచిత కంపైలర్ పథకం" అక్కడికక్కడే ప్రకటించారు. ప్రిన్సిపాల్ అనంతపద్మనాభంగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ల్యాబులో ఉన్నది తీసేయించండి. ముందే ఉంటే నేనిచ్చిందేంటి?" అన్నారు చైర్మన్‌గారు.

"ప్రాక్టికల్సండీ..." అంది రాగసుధ.

"ఈలోపే ఇచ్చేస్తాగా తల్లీ!"

రాగసుధ తన చేత్తోనే అన్ని కంప్యూటర్లలోంచి తీసేసింది. పెనుగంచిప్రోలు నుంచి వచ్చే సింధూర పక్కనే నిలబడి చూసింది. "మేడం, ప్రాక్టికల్స్ పాసైతేనే నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. దేని మీద చెయ్యాలి?"

"ఈలోపే ఇస్తారంటమ్మా," అంది రాగసుధ, ఆ పిల్ల మొహం చూడకుండా.

ల్యాబుకి తాళం పడింది. పథకం ప్రారంభోత్సవానికి మొదట ముఖ్య అతిథి దొరకలేదు. తర్వాత మూఢం వచ్చింది. ఆ తర్వాత ఫ్లెక్సీలో చైర్మన్‌గారి జుట్టు తెల్లగా పడిందని మళ్లీ ప్రింటు కొట్టించారు. ఈలోగా ప్రాక్టికల్స్ వచ్చాయి. పిల్లలు ప్రోగ్రాములు కాగితాల మీద రాసిచ్చారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఏ ఒక్కటీ నడవలేదని రాసుకుని, టిఫిన్ బావుందని మెచ్చుకుని వెళ్లాడు.

చివరికి షామియానా లేచింది. కంపైలర్ కంటికి కనపడదు గనక చైర్మన్‌గారి ఫొటో వేసిన ఖాళీ అట్టపెట్టెలు పంచారు. హాజరు వేస్తామంటే వచ్చిన సింధూర తొలి లబ్ధిదారు అయింది. చైర్మన్‌గారు పెట్టె చేతికిచ్చి, కెమెరాల వైపు తిప్పి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"చెప్పమ్మా, భయపడకు. ఈ పథకం రాకముందు నీ పరిస్థితేంటి?"

"రాకముందు పాసయ్యేదాన్నండి."