మూడు పోగులు తెగిన మొదటి ఎపిసోడ్

శనివారం ఉదయానికి లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. కాఫీ తాగాలి, కూతురు నేపథ్య చిత్రాలు గీసిన కొత్త యానిమే సిరీస్ మొదటి ఎపిసోడ్ చూడాలి, ఎలా ఉందో ఆమెకు ఫోన్‌లో చెప్పి పంపాలి.

"బాగుంది అని తప్పించుకోకు నాన్నా," అంది ఆమె స్టూడియోకి బయల్దేరుతూ. "నీకేం కనిపించిందో అదే చెప్పు. ఆర్నెల్లు గీశాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో ఒక్కరైనా సరిగ్గా చూస్తే చాలు."

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా అని నాలుగేళ్ల కిందట అన్నది ఆయనే. ఆమె స్టూడియో గుమ్మం కూడా ఇంతవరకు తొక్కలేదు. అందుకే ఈసారి కళ్లజోడు తుడుచుకుని మరీ కూర్చున్నాడు.

ఇరవై మూడు నిమిషాలూ రెప్ప వేయకుండా చూశాడు. చిక్కల్లా చెప్పడం దగ్గరే వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. చేతులకు గ్రీజు ఉంటుంది గనుక ఏ భవనమో, ఏ లోపమో ఫోన్‌లో రికార్డు చేసి ఆఫీసు గ్రూపులో పడేయడం. ఈ రోజు చేతులు శుభ్రంగానే ఉన్నాయి గానీ, బొటనవేలు తన అలవాటు మానలేదు.

"తొమ్మిది అంతస్తులు. అద్దాల లిఫ్టు, నీలం తలుపు. పైన రోప్‌లో మూడు పోగులు తెగి లేచి ఉన్నాయి. తలుపు తెరుచుకుంది, లిఫ్టు రాలేదు. తెల్ల జుట్టు కుర్రాడొకడు లోపలికి దూకేశాడు. చూస్తున్న అమ్మాయికి కళ్లు ముఖంలో సగమయ్యాయి. నాకైతే గుండె ఆగినంత పనైంది."

కూతురికే పంపాననుకుని ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, నిశ్చింతగా స్నానానికి వెళ్లాడు.

గ్రూపులో అది విని ఆఫీసులో సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచాడు. అలాంటి భవనం ఊళ్లో ఒక్కటే. దాని తనిఖీని రెండు నెలలుగా రేపు మాపు అంటూ నెట్టుకొస్తున్నది తానే. వాచ్‌మన్‌తో లిఫ్టు ఆపించాడు, ఫైర్ స్టేషన్‌కి కబురు చేశాడు, దారి పొడుగునా మెకానిక్‌కి ఫోన్లు చేస్తూ భవనానికి పరుగెత్తాడు. పదకొండుసార్లు ఫోన్ మోగినా స్నానాల గదిలో పాట ఆగలేదు.

ఫైర్ సిబ్బంది లిఫ్టు గొయ్యి అంతా గాలించారు. ఎవరూ దొరకలేదు. అంతలో నాలుగో అంతస్తు నుంచి యానిమేషన్ స్టూడియో యజమాని మెట్లు దిగి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, ముగ్గుబుట్టలాంటి తల. ఆయన రొప్పడం చూసి ఇద్దరు వెళ్లి దుప్పటి కప్పేశారు.

"కుర్రాడన్నారు కదండీ," అని వాచ్‌మన్ సందేహపడ్డాడు.

"భయానికి ఇలా అయిపోయుంటాడు. ముందు నాడి చూడండి," అన్నాడు ఫైర్ ఆఫీసర్.

పన్నెండోసారి ఫోన్ ఎత్తిన మెకానిక్ తడి తలతోనే వచ్చి పడ్డాడు. అప్పటికి ఆయన రికార్డును సూపర్‌వైజర్ అందరికీ మూడోసారి వినిపిస్తున్నాడు. యజమాని వెనకే స్టూడియో నుంచి దిగి వచ్చి మెట్ల మీద కూర్చున్న కూతురు తల పట్టుకుంది.

"నాన్నా, అది నేను గీసిన సీను."

"కనిపించింది చెప్పమన్నావు కదమ్మా."

దుప్పట్లోంచి యజమాని గొంతు వచ్చింది. "అమ్మాయ్, నువ్వు సోమవారం నుంచి రానక్కర్లేదు."

బిడ్డ ఆర్నెల్ల కష్టం ఒక్క నిమిషం రికార్డుతో బూడిదపాలు చేశానని మెకానిక్ కుమిలిపోయాడు. సూపర్‌వైజర్ ఆయన ముఖం చూడలేకపోయాడు. లిఫ్టు ఎలాగూ ఆగింది కదా అని టార్చి తీసుకుని పైకి వెళ్లాడు. పావుగంట తర్వాత పాలిపోయిన ముఖంతో దిగాడు.

"గురువుగారూ, నిజంగానే తెగి ఉన్నాయి. మూడు పోగులు. మీరన్న చోటే."

అందరూ అమ్మాయి వైపు తిరిగారు.

"రోజూ లిఫ్టు కోసం నిలబడినప్పుడు అద్దంలోంచి చూసేదాన్ని," అంది ఆమె మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు గీశాను. రోప్ అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నా."

రోజుకు నాలుగుసార్లు ఆమె ఎక్కి దిగే లిఫ్టు అది. మెకానిక్ ఆమె పక్కనే కూలబడ్డాడు. రంగు మరకలున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బొమ్మలెందుకన్న నోరు నాదే తల్లీ. ఆ బొమ్మే ఇవాళ నిన్ను నాకు మిగిల్చింది. నీ చేతికి దండం పెట్టాలి."

యజమాని దుప్పటి తీసి మడతపెట్టాడు. ఆ లిఫ్టులో ఆయనా రోజూ ఎక్కుతాడు.

"సోమవారం రా అమ్మా. మెట్లెక్కి రా. నీ ఉద్యోగం ఖాయం."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇంతకీ ఎపిసోడ్ ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది," అన్నాడాయన. ఈసారి ఆమె అభ్యంతరం చెప్పలేదు.

రెండో ఎపిసోడ్‌లో ఎస్కలేటర్ ఉందని ఆమె అనగానే, సూపర్‌వైజర్ టార్చి ఆర్పకుండానే బయటికి నడిచాడు.