అరవై మంది చూస్తున్న కారు

పాత కార్ల ధరలు గంటకోసారి మారడం ప్రజలకు మేలు చేసే విషయం. గిట్టనివాళ్లు దాన్ని మోసం అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ మారే ధర నాకు చెప్పినంత నిజం ఈ మధ్య మా బంధువులెవరూ చెప్పలేదు.

మా ఊరి బడిలో నేర్పిన లెక్క వేరు. వస్తువు కొత్తదైతే ఎక్కువ, పాతదైతే తక్కువ. ఆ లెక్కతోనే బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేరాను, ఆ లెక్కతోనే రిటైరయ్యాను. ఇప్పుడు కాఫీకి ముందు ఒక ధర, కాఫీ తాగాక ఇంకో ధర. పదకొండేళ్ల బండి వారం తిరిగేసరికి తొమ్మిదేళ్ల బండి ధర పలుకుతోంది. మనుషులకు ఇలాంటి సౌకర్యం ఉందా? నాకు అరవై నాలుగు. వారం తిరిగితే అరవై ఐదుకి దగ్గరవుతాను తప్ప అరవై రెండుకి రాను.

మొదటినుంచీ చెబుతాను.

మా ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడకో కారు ఉండేది. ఆవిడది ల్యాబ్‌లో ఉద్యోగం. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి రక్తం తీసుకుని, అది పాడవకముందే ల్యాబ్‌కి చేర్చాలి. అందుకని తన జీతంతో తనే కారు కొనుక్కుంది. నాకు డ్రైవింగ్ రాదు. తప్పులు పట్టడం వచ్చు. సెలవు రోజుల్లో, పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ వెళ్లేటప్పుడు, పక్క సీట్లో కూర్చుని ఆ పని శ్రద్ధగా చేశాను.

ఆవిడ పోయాక కారు ఎనిమిది నెలలు ఇంటి ముందే నిలబడిపోయింది. బ్యాటరీ చచ్చింది. టైర్లలో గాలి దిగిపోయింది. ఎదురింటాయన తన బండి తిప్పుకోవడానికి అడ్డమొస్తోందని రోజూ నాకు వినపడేలా నిట్టూర్చేవాడు. ఆ ఎనిమిది నెలలూ నేను కారు తలుపు తియ్యలేదు. అటువైపున్న ఇంటి కిటికీ కర్టెన్ కూడా తియ్యలేదు. చివరికి మా అమ్మాయి వచ్చి, సోఫాలో కూర్చుని ఫోన్ తీసింది.

"నాన్నా, నువ్వెలాగూ నడపవు. అమ్మేద్దాం."

"నీ ఇష్టం."

"నా ఇష్టం ఏంటి? నీ ఇష్టం చెప్పు."

"బండి నాదా? మీ అమ్మది. ఆవిణ్ణడుగు."

"ఇలా మాట్లాడతావనే అమ్మ నీతో ఏదీ చెప్పేది కాదు," అంటూనే అమ్మాయి ఫారం నింపేసింది. రెండు నిమిషాలు పట్టింది. మర్నాడు షోరూం వాళ్లు వచ్చి బండిని తాడు కట్టి లాక్కెళ్లారు. ఎదురింటాయన తన బండిని ఒకటికి రెండుసార్లు తిప్పుకున్నాడు.

అక్కడితో అయిపోవలసింది. కానీ నాలుగు రోజుల తర్వాత మా అమ్మాయి ఒక లింకు పంపింది. కింద "చూడు నాన్నా, ఎంత బాగా పెట్టారో" అని రాసింది. చూశాను. నా చదువు అక్కడ మొదలైంది.

ఈ షోరూం గురించి రెండు మాటలు చెప్పాలి. ఆన్‌లైన్‌లో వాళ్లు నెలకి మూడు కార్లు అమ్మితే గొప్పగా ఉండేదట. కొత్త కార్లకి డిస్కౌంట్ ఇచ్చినప్పుడల్లా పాత కార్ల ధర పడుతుంది. కొత్త కారు చేతికి రావడం ఆలస్యమైతే పాత కారు ధర లేస్తుంది. షోరూం ఓనరు పొద్దున్నే కూర్చుని ధర రాసేలోపు బజారు మారిపోయేది. అందుకని ఆన్‌లైన్ అమ్మకాలకి ఒక మేడమ్‌ని పెట్టుకున్నాడు, ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒకటే సూత్రం. ఎక్కువమంది చూస్తే ధర పెంచు. ఎవరూ చూడకపోతే దించు. మనిషి తన బుర్రతో చెయ్యవలసిన పని ఒక్కటి తగ్గింది. ఇది అభివృద్ధి కాదంటారా?

భాష కూడా బాగుపడింది. పాత కారు అనకూడదు, ప్రీ ఓన్డ్ అనాలి. గీతలు పడ్డాయి అనకూడదు, వాడకపు ఆనవాళ్లు అనాలి. ప్రతి బండికీ రెండువందల పరీక్షలు చేస్తారట. మా ఆవిడకి ఆఖరి మూడు నెలల్లో డాక్టర్లు చేసిన పరీక్షలన్నీ కలిపినా నలభై దాటలేదు. అదీ నేను రిపోర్టులు పట్టుకుని కౌంటర్ కౌంటర్‌కీ తిరిగితే.

బండి కింద ఇలా రాశారు: "ఒకే యజమాని. మహిళ నడిపిన వాహనం. నిదానంగా, జాగ్రత్తగా వాడినది."

నిదానంగానా? పెళ్లికి వెళ్లినా, వెనక సీసాల్లో రక్తం ఉన్నట్టే, మలుపుల్లో కూడా బ్రేకు ముట్టుకునేది కాదు. నెమ్మది, నెమ్మది అని నా గొంతు పోయింది. ఆవిడ ఒక్కనాడూ వినలేదు. బండి మాత్రం విని బుద్ధిగా నడుచుకుందని ఆన్‌లైన్‌లో చదివి తెలుసుకున్నాను.

మొత్తం ఇరవై నాలుగు ఫోటోలు పెట్టారు. తుడవకముందే తీసినట్టున్నారు. పదకొండో ఫోటోలో, గేరు పక్కన గుంటలో ఒక జడక్లిప్పు ఉంది. గోధుమ రంగుది, ఒక పన్ను విరిగింది. ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేస్తేనే కనపడుతుంది. మరీ పెద్దది చేస్తే చెదిరిపోతుంది. ఎంతవరకు పెద్దది చెయ్యాలో పట్టుబడడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. పట్టుబడ్డాక మానలేదు.

నిద్ర లేవగానే ఒకసారి. పేపరు చదివాక ఒకసారి. అన్నానికి ముందు, అన్నం తిన్నాక. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా. నాకు పనేముంది?

రెండో వారంలో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీరు చూస్తున్న కారును ఈ రోజు అరవై మంది చూశారు. త్వరపడండి."

అరవై మంది!

మీకెలా ఉంటుందో గానీ, నాకు ఒళ్లు మండింది. ఎవరీ అరవై మంది? ముక్కూ మొహం తెలియని అరవై మంది, పొద్దున ఐదింటినుంచే, మా ఆవిడ కారులోకి తొంగి చూడడమేమిటి? వీళ్లకి ఇళ్లు లేవా? చేసుకోవడానికి పనులు లేవా? వాళ్లు ఇంకా చూస్తున్నారో మానుకున్నారో తెలుసుకోవడానికి నేను గంటకోసారి ఆ పేజీ తెరవడం మొదలుపెట్టాను. మర్నాడు వాళ్లు డెబ్బై ఇద్దరయ్యారు. ధర పది వేలు లేచింది. వారం చివరికి నలభై వేలు లేచింది.

ఆ మనుషుల్ని నేను ఒక్కొక్కరినే ఊహించుకుని అసహ్యించుకున్నాను. ముఖ్యంగా ఒకడున్నాడు. కొత్తగా ఉద్యోగం వచ్చినవాడు, కారు కొనగానే వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో తన పేరు అంటించుకునే రకం. వాడి చేతికి బండి పోకూడదని నిర్ణయించుకున్నాను. బ్యాంకుకి వెళ్లి, ఆసుపత్రి అవసరానికని దాచుకున్నది తీసుకుని, షోరూంకి వెళ్లాను. ఆసుపత్రి అవసరం ఉన్న మనిషి ఎలాగూ లేదు.

బండిని అద్దాల పక్కన, ముందు వరసలో పెట్టారు. మీద "హాట్" అని ఎర్ర స్టిక్కర్. లోపలంతా తుడిచేశారు. గేరు పక్కన గుంట తళతళా మెరుస్తోంది.

ఓనరు కుర్చీలోంచి లేచాడు. "మీ బండికి డిమాండ్ మామూలుగా లేదు సార్. పది లక్షల బండికి లేని గిరాకీ దీనికుంది."

"నేను కొంటాను," అన్నాను.

"మీరు అమ్మిందే కదా సార్."

"అమ్మినవాడు కొనకూడదని ఎక్కడైనా రాసుందా?"

"రాయలేదనుకోండి. మీకు డ్రైవింగ్ వచ్చా సార్?"

"రాదు."

"మరి ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపక్కర్లేదు. నేను పక్క సీట్లో కూర్చుంటాను."

ఓనరు కంప్యూటర్ చూసి ధర చెప్పాడు. నా దగ్గరున్నది చాలలేదు. పాత ధరకివ్వమన్నాను.

"నా చేతుల్లో ఏం లేదు సార్. సిస్టమ్ ధర. నేను దించినా అది మళ్లీ ఎక్కిస్తుంది."

ఇంత నిజాయితీగల యజమానిని మీరెక్కడైనా చూశారా? తన షాపులో తన మాట చెల్లదని ఒప్పుకున్నాడు. నేను మా ఇంట్లో ఏనాడూ ఒప్పుకోలేదు.

లేచి వచ్చేస్తుంటే ఆన్‌లైన్ మేడమ్ మెట్ల దాకా వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మెడలో కళ్లజోడు వేలాడుతోంది. చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది.

"సార్, ఒక మాట. మీ ఫోన్ నంబరు చివర ఎనభై ఒకటా?"

"అవును. ఎందుకు?"

"వాళ్లు అరవై మంది కాదు సార్. అరవై సార్లు. మా సిస్టమ్‌కి పేజీ ఎన్నిసార్లు తెరిచారన్నదే లెక్క, తెరిచింది ఎవరన్నది దానికి పట్టదు. నేను విడదీసి చూశాను. అన్నీ ఒక్క ఫోన్‌నుంచే."

నేను జేబులో ఫోన్‌ని తడుముకున్నాను.

"ఓనరుకి చెప్పలేదు. పాపం, ఆయన సంతోషంగా ఉన్నాడు," అంది. "ఒక వారం చూడకండి సార్. ధర దానంతటదే దిగుతుంది. అప్పుడొచ్చి తీసుకెళ్లండి."

దారిపొడవునా ఆలోచించాను. నన్ను చూసి నేనే కుళ్లుకున్నాను. నా మీద నేనే పోటీకి దిగి, నా నెత్తిన నేనే నలభై వేలు పెంచుకున్నాను. వెనక అద్దం మీద పేరు అంటించుకునేవాడు లేనే లేడు. మామూలు బజారులో ఒక మనిషి తనంతట తానే ఇంత నష్టపోవడం సాధ్యమా? పక్కన ఇంకొకడుండాలి. ఆన్‌లైన్‌లో అవసరం లేదు. అందుకే ఇది మేలైన పద్ధతి అంటున్నాను.

వారం చూడలేదు. ఫోన్‌ని అల్మరాలో, ఆవిడ చీరల కింద పెట్టి తాళం వేశాను. మా అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎదురింటాయన చేత వాకబు చేయించింది, నేను బతికే ఉన్నానని ఆయనే చెప్పాడు. టైమ్‌కీపర్‌గా ఇరవై తొమ్మిదేళ్లు చేశాను, ఒక్క బస్సునీ ఒక్క నిమిషం ముందు వదల్లేదు. ఏడో రోజు, షోరూం మేడమ్ నాకు ఆ మాట చెప్పిన వేళకే, తాళం తీసి చూశాను.

"ఈ వాహనం అమ్ముడైంది. ఇలాంటివే మరో పన్నెండు చూడండి."

ఫోటోలు తీసేశారు.

షోరూంకి ఫోన్ చేశాను. మేడమే ఎత్తింది.

"నిన్న పోయింది సార్. ధర బాగా దిగింది కదా. ఎవరో ఫోటోలైనా తెరవకుండా బుక్ చేసేసుకున్నారు. మీకు చేశాను సార్, మీరు ఎత్తలేదు."

"మరి నేను చూస్తూనే ఉండి ఉంటే?"

"ధర అలాగే పైన ఉండేది సార్. అంత పెట్టి ఎవరూ కొనరు. ఇక్కడే ఉండేది."

"ఎన్నాళ్లు?"

"మీరు చూసినన్నాళ్లు. ఎవరూ తెరిచి చూడని బండినైతే తొంభై రోజులే ఉంచుకుంటాం సార్. తర్వాత వేలానికి పంపేస్తాం."

తొంభై రోజులు. న్యాయమైన గడువే. పాఠకులెవరైనా ఈ పద్ధతిని తిడితే నేను సహించను.

పక్క సీట్లో కూర్చుని నేను చూసింది స్పీడు ముల్లుని, నా వాచీని. అయినా మా ఆవిడ నాతో ముప్పై ఒక్క సంవత్సరాలు ఉంది.