దుప్పటి కింది దీక్ష

"మన కాలనీ క్లినిక్కుకి సర్జన్ వచ్చేదాకా, కడుపులోకి చూసే కెమెరా మిషను దిగేదాకా మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టను. ఈ ప్రాణం ప్రజల జీర్ణకోశానికి అంకితం."

సోమవారం పొద్దున క్లినిక్కు గేటు ముందు వార్డు అధ్యక్షుడు గారు చేసిన ప్రకటన ఇది. విన్నవాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. పక్కనే జనరేటరు పొగ వదులుతోంది కాబట్టి ఎవరు ఎందుకు తుడుచుకున్నారో చెప్పడం కష్టం.

అధ్యక్షుడు గారిది గొప్ప ముందుచూపు. మిషను మంజూరైందనీ, లారీ కూడా ఎక్కిందనీ, శనివారానికల్లా డాక్టరుతో సహా వచ్చేస్తుందనీ ఆరోగ్యశాఖ ఆఫీసులో ఉన్న బావమరిది ఆదివారమే ఫోన్ చేసి చెప్పాడు. మామూలు నాయకుడైతే శనివారం దాకా ఊరుకుని, వచ్చినదానికి రిబ్బను కత్తిరించి సరిపెట్టుకునేవాడు. ఎలాగూ వచ్చేదాన్ని పోరాడి సాధించడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఇంట్లో ఈ సంగతి తెలిసిన మరో మనిషి ఆయన భార్య. ఫోను ఎత్తింది ఆవిడే. పార్టీలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను వదిన అనే పిలుస్తారు.

వదినకి ఆ మిషనుతో వేరే పని ఉంది. కొన్ని నెలలుగా పైకడుపులో మంట. నాలుగు మెతుకులు తింటే లోపల నిప్పు రాజేసినట్టు ఉంటుంది. జాకెట్లన్నీ వదులైపోయి పిన్నులు పెట్టుకుని తిరుగుతోంది. ఇంట్లో చెబితే, "ఎన్నికలు పెట్టుకుని నీకు ఇప్పుడే రావాలా?" అన్నారు అధ్యక్షుడు గారు. ఎన్నికలయ్యాక మళ్లీ చెబితే, వచ్చే ఎన్నికల సంగతి గుర్తుచేశారు.

క్లినిక్కులో సిస్టర్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది. "ఇది పుండులా ఉంది వదినా. సీసా మందు పోస్తూ ఎన్నాళ్లని నెట్టుకొస్తాం? ముదిరితే చిల్లు పడుతుంది. అప్పుడు గొట్టంతో చూడటం కాదు, కత్తితో కోయడమే. పెద్దాసుపత్రి నుంచి డాక్టరమ్మ నెలకోసారే వస్తుందట. ఈ శనివారం మిషను బిగించి, ఒక్కళ్లకి చేసి చూసి వెళ్లిపోతుంది. ఆ ఒక్కళ్లూ నువ్వే. పేరు రాసేశాను."

"ఏమన్నా జాగ్రత్తలున్నాయా?"

"ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకు. పొద్దున మంచినీళ్లు కూడా వద్దు. కడుపులో ఏమన్నా ఉంటే డాక్టరమ్మ వెనక్కి పంపేస్తుంది. మళ్లీ నెల ఆగాల్సిందే."

వదిన ఆ మాటలు మనసులో రాసుకుంది.

దీక్ష బ్రహ్మాండంగా మొదలైంది. క్లినిక్కు గుమ్మానికి అడ్డంగా షామియానా వేశారు. రోగులు తాళ్ల కింద నుంచి వంగి లోపలికి పోవలసి వచ్చింది. నడుంనొప్పి వాళ్లు వంగలేక వెనక్కి పోయారు, దాంతో రద్దీ తగ్గింది. డ్రెస్సింగ్ రూములో అధ్యక్షుడు గారికి మంచం వేసి, పుళ్లకు కట్లు వరండాలో కట్టించారు. గాలి తగిలితే గాయాలు త్వరగా మానతాయని ఆయనే సెలవిచ్చారు.

రోజూ మూడు పూటలా ఆయన మౌన దీక్ష పాటించేవారు. అంటే, తల మీదుగా నిండా దుప్పటి కప్పుకోవడం. ఆ సమయానికి సరిగ్గా వదిన ఉతికిన లాల్చీల సంచీ, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని వచ్చేది. లాల్చీ మడతల్లో ఉడికించిన గుడ్లు ఉండేవి. ఫ్లాస్కులో నీళ్లు చిక్కగా ఉండేవి. దుప్పటి లోపల దవడలు ఆడటాన్ని, ప్రజల కోసం మౌన ప్రార్థన అని ఒక పత్రిక ఫొటోతో సహా వేసింది.

"ఉప్పు తగ్గింది," అన్నది మూడో రోజున దుప్పటి.

"ఉప్పెక్కువైతే దాహమేస్తుందండీ. జనం ముందు గటగటా తాగితే ఏం బాగుంటుంది?"

"నిజమే. నీకూ కాస్త రాజకీయం అబ్బింది."

వండుతున్నంతసేపూ ఆ వాసనకే వదినకి వికారం వచ్చేది. తను గుప్పెడు తిని, కడుపు పట్టుకుని వంటింటి గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ సంగతి దుప్పటికి చెప్పలేదు. దుప్పటి అడగలేదు.

ఆరోగ్యం ఎలా ఉందో చూడాలని నాలుగో రోజు సిస్టర్ వచ్చి అధ్యక్షుడు గారిని బరువు చూసే మిషను ఎక్కించింది. ముల్లు వంక చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నిరాహార దీక్షలో బరువు పెరగడం ఇదే చూడ్డం సార్."

"అది ప్రజాభిమానం బరువమ్మా," అన్నాడు మైకు.

మైకు అంటే అధ్యక్షుడు గారి కుడిభుజం. అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయింది. ఏ ఆలోచన వచ్చినా ముందు మైకులో చెప్పి, తరవాత మనుషులతో చెప్పడం అతని అలవాటు. ఆ రోజు సాయంత్రమే బరువు చూసే మిషను చెడిపోయినట్టు క్లినిక్కు గోడ మీద కాగితం అంటించారు.

సిస్టర్ ఎవరితో అన్నదో గానీ, శుక్రవారం పొద్దుటికి ప్రతిపక్షం వాళ్లు కరపత్రాలు పంచారు. దుప్పటి కింద ఏం జరుగుతోందో ప్రజలకు తెలియాలి, అని పెద్దక్షరాలతో వేశారు. మైకుకి కడుపు మండిపోయింది. వెంటనే ఆలోచన వచ్చింది. వెంటనే మైకులోకి వెళ్లిపోయింది.

"సోదరులారా, రేపు మన అధ్యక్షులు సాధించిన కెమెరా మిషను దిగుతోంది. ఆ మిషనులో మొట్టమొదట పడుకునేది ఎవరో కాదు, మన అధ్యక్షులే. ఆయన కడుపు లోపల ఏముందో ఇదే గేటు ముందు పెద్ద తెర మీద మీరంతా కళ్లారా చూడండి. దేశంలో ఏ నాయకుడైనా తన లోపల ఇలా చూపించాడా?"

చప్పట్లు ఆగలేదు. అవి ఆగేలోపే అధ్యక్షుడు గారు మైకుని లోపలికి పిలిపించారు.

"ఒరేయ్, నన్నో మాట అడగాలని తోచలేదా నీకు?"

"అడిగేదేముందన్నా? ఈ అయిదు రోజులూ మీరు మెతుకు ముట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాగా, మీరు దుప్పటి కప్పుకున్నప్పుడు తప్ప."

అధ్యక్షుడు గారు అతని మొహంలోకి తేరిపార చూశారు. వెటకారం కోసం వెతికారు. దొరకలేదు. మైకు నిజంగానే నమ్ముతున్నాడు. పార్టీలో అలాంటి కార్యకర్త ఉండటం ఎంత ప్రమాదమో ఆయనకి మొదటిసారి తెలిసొచ్చింది.

అయినా నాయకుడు నాయకుడే. కాసేపట్లో తేరుకుని భార్యను పిలిచారు. "ఏమోయ్, రేపు నేనే పడుకోవాలి. తప్పేట్టు లేదు. నీది వచ్చే నెల చూద్దాం. ఒక్క నెలేగా."

వరండాలో కట్టు కడుతున్న సిస్టర్ వినేసింది. "ఆవిడకి నిజంగా జబ్బు సార్."

"నాదీ నిజమైన దీక్షే సిస్టర్."

సిస్టర్ వదిన వంక చూసింది. వదిన ఒక చేత్తో పైకడుపు పట్టుకుని, రెండో చేత్తో ఫ్లాస్కు మూత బిగిస్తోంది.

"అలాగేనండి. సిస్టర్ చెప్పిన జాగ్రత్తలు కాస్త వింటారా?"

"కడుపు ఖాళీగా ఉండాలి, అంతేగా. ఈ రాత్రికి మానేస్తాలే. జీర్ణకోశం గురించి నాకు చెబుతావేంటి, ఈ దీక్ష దేనికనుకున్నావు?"

వదిన ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

ఆ రాత్రి అధ్యక్షుడు గారు తమ జీవితంలో మొట్టమొదటి ఉపవాసం చేశారు. మంచం మీద దొర్లారు, మూలిగారు. దీక్షాపరుడి పరిస్థితి విషమం అని పత్రికలకి కబురు పోయింది. ఆ ఒక్క వార్తలో మాత్రం అబద్ధం లేదు. ఇంకా వెలుగు రాకముందే ఆయన వదినకి ఫోన్ చేశారు.

"ప్రాణం పోయేట్టుందే. రాత్రి మానేశాను, చాల్లే. పరీక్ష పదింటికిగా. ఏదైనా లైట్‌గా తే."

వదిన ఫోను పెట్టేసి, వంటింట్లో దీపం వేసింది. తరవాత పొయ్యి వెలిగించింది. అన్నం వండింది. గుడ్లు ఉడికించింది. క్యారెట్లు ఎప్పటికన్నా కాస్త పెద్ద ముక్కలుగా తరిగింది. ఓ గుప్పెడు పచ్చి బఠాణీలు కూడా వేసింది, రంగు బాగుంటుందని. అన్నీ డబ్బాలో పెట్టి లాల్చీల మడతల్లో సర్దింది. తను రాత్రి భోంచెయ్యలేదు. పొద్దున మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుని, మళ్లీ బోర్లించేసింది.

దుప్పటి కింద అధ్యక్షుడు గారు ఆవురావురుమంటూ తిన్నారు. చివరి గుడ్డు దగ్గర కొంచెం అనుమానం వచ్చింది.

"ఇదంతా పదింటికల్లా అరిగిపోతుందంటావా?"

"మీకు అరగంది ఏముందండీ, ఇన్నేళ్లలో."

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుని, ఆ గుడ్డు కూడా తినేశారు.

డాక్టరమ్మ చెప్పిన టైముకే వచ్చింది. తక్కువ మాటల మనిషి. పూలదండ వేయబోతే, "చేతులు కడుక్కున్నాను, దూరంగా ఉండండి" అంది. మిషను బిగించి, సిస్టర్ని పక్కన పెట్టుకుని బల్ల సిద్ధం చేయించింది. బయట తెర వెలిగింది. తెర ముందు వీధి నిండా జనం. సంఘీభావ దీక్షలో కూర్చున్న కార్యకర్తలు మెడల్లో దండలతో ముందు వరసలో ఉన్నారు. లోపల బల్ల పక్కన మైకు తన మైకుతో నిలబడ్డాడు. గుమ్మం దగ్గర బెంచీ మీద వదిన.

"ఏమైనా తిన్నారా?" అని అడిగింది డాక్టరమ్మ. అందరినీ అడిగే ప్రశ్నే. అది కాస్తా మైకులో పడి వీధంతా వినిపించింది.

వీధంతా నవ్వింది. మైకు ఇంకా గట్టిగా నవ్వాడు. "ఆరు రోజులుగా దీక్షలో ఉన్న మనిషిని అడిగే మాటేనా మేడమ్ అది?"

అధ్యక్షుడు గారు నోరు తెరిచారు. బయట అంతమంది జనం. మూసి, మళ్లీ తెరిచారు. "ప్రజల కష్టాలు దిగమింగడం తప్ప వేరే ఏమీ తినలేదు."

"అవి కాక?"

"ఏమీ లేదు."

డాక్టరమ్మ ఆయన గొంతులో మొద్దుబార్చే మందు కొట్టి, గొట్టం కొరక్కుండా పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టింది. రాజకీయాల్లోకి వచ్చాక ఆయన నోరు తెరిచి ఉండి కూడా మాట రాకపోవడం అదే మొదలు. గొట్టం దిగింది. తెర మీద ఎర్రటి సొరంగం కనిపించింది. జనం మునివేళ్ల మీద లేచారు.

"చూడండి సోదరులారా," అన్నాడు మైకు. "త్యాగధనుడి గొంతు. ఇప్పుడు అన్నవాహిక. పాపం, ఎంత ఎండిపోయిందో చూడండి. ఇదిగో, వస్తోంది, ఖాళీ కడుపు..."

తెర మీద ముందు తెల్లగా కనిపించింది. తరవాత పసుప్పచ్చగా. తరవాత నారింజ రంగు ముక్కలు, చక్కటి చతురస్రాలు. వాటి మధ్య పచ్చగా, గుండ్రంగా కొన్ని నిదానంగా తేలుతున్నాయి. వీధిలో తలలన్నీ తెర వైపు ముందుకు వంగాయి.

"ఇవి... పేగులనుకుంటా," అన్నాడు మైకు.

"పేగులు కాదు," అంది డాక్టరమ్మ. "గుడ్డు."

ఆ మాట కూడా మైకులోనే పడింది.

ఆవిడ గొట్టం బయటికి లాగేసింది. చేతి తొడుగులు మార్చుకుంటూ, మామూలుగా అందరికీ చెప్పేట్టే చెప్పింది. "ఇలా చూడలేం. మళ్లీ వచ్చినప్పుడు ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా రండి. అలవాటు లేనివాళ్లకి కష్టమే, ఒక్క పూట ఓర్చుకోవాలి." తరవాత గుమ్మం వైపు తిరిగింది. "మిషను కడిగించి ఇంకొకళ్లని చూస్తాను. నిజంగా ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

మైకు ఆ ప్రశ్నని బయటికి ప్రసారం చేశాడు. సంఘీభావ దీక్ష వాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు.

బెంచీ మీద నుంచి వదిన లేచింది.

"రాత్రి నుంచి ఏమీ తినలేదామ్మా?"

"లేదండి."

"మంచినీళ్లు?"

"తాగలేదండి."

సిస్టర్ అప్పటికే బల్ల మీద దుప్పటి మారుస్తోంది. వదిన పడుకోబోతూ మైకు వైపు తిరిగింది. "ఆ తెర ఆపించు బాబూ. నా లోపల చూడ్డానికేమీ లేదు."

పుండు ఉంది. చిల్లు పడబోతుండగా దొరికింది. "కోత అక్కర్లేదు, మందులతోనే మానుతుంది," అంది డాక్టరమ్మ. "ఇంకో నెల ఆగి ఉంటే మాత్రం వేరేలా ఉండేది. ఒక అరగంట మాట్లాడొద్దు, ఏమీ తాగొద్దు. గొంతు మొద్దుబారి ఉంటుంది, పొలమారుతుంది." చీటీ రాసిచ్చి బండెక్కి వెళ్లిపోయింది.

బయట మైకు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆలోచన వచ్చింది. "సోదరులారా, మీరు చూసింది దీక్షకు ముందు, ఆదివారం రాత్రి తిన్న భోజనం. ఆరు రోజులైనా అరగలేదంటే ఆయన జీర్ణకోశ వ్యాధి ఎంత ముదిరిందో మీరే ఆలోచించండి. అంతటి జబ్బు పెట్టుకుని మీ కోసం దీక్షకు కూర్చున్నాడు ఆ మహానుభావుడు." ముందు వరసలో చప్పట్లు మొదలయ్యాయి. వెనక వరసలు కూడా అందుకున్నాయి. దీక్ష విరమణకి పండ్లరసం గ్లాసు వెండి పళ్లెంలో లోపలికి వచ్చింది.

డ్రెస్సింగ్ రూములో అధ్యక్షుడు గారు, వదిన ఎదురుబొదురుగా కూర్చున్నారు. ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఏమోయ్, పొద్దున కూడా తినకూడదని నీకు ముందే తెలుసా?"

వదిన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. మాట్లాడొద్దన్నారు కదా.

"పోనీ, తలైనా ఊపచ్చుగా."

వదిన సంచీలో లాల్చీలు మడత పెట్టుకుంటోంది.

బయట ఆయన పేరుతో నినాదాలు మొదలయ్యాయి. ఆయన రసం గ్లాసు వంక చూశారు, వదిన వంక చూశారు. "సరే, అదొదిలెయ్. ఇప్పుడిది తాగొచ్చా, తాగకూడదా? నాకు పొలమారితే జనం ముందు పరువు పోతుంది. డాక్టరమ్మ నీకేం చెప్పింది?"

వదిన మళ్లీ గొంతు చూపించింది. డాక్టరమ్మ చెప్పిన అరగంట దాటి అప్పటికి చాలాసేపయింది.