నలభై రోజుల దుమ్ము

ఆ సోమవారం సింధుశ్రీ చేయవలసిన పనులు ఇవి: పొద్దున్నే లాప్‌టాప్ చార్జి చేసుకోవడం, అవ్వ కంట్లో చుక్కలు వేయడం, పదకొండు గంటలకు బెంగుళూరులోని ప్రొఫెసరు పుష్పావతి మేడమ్‌కు వీడియోలో సోలార్ ప్లేటు మీది దుమ్ము చూపించడం, మేడమ్ సరేనంటే పరిశోధనలో చేరడం, కాదంటే సాయంత్రం ఐదులోగా కంపెనీ ఉద్యోగానికి ఒప్పుకుంటూ జవాబు రాయడం.

కంప్యూటర్ సైన్సు చదివిన సింధుశ్రీ ఒక ప్రోగ్రాము రాసింది. ప్లేటు ఫోటో చూపిస్తే, దాన్ని ఇప్పుడే కడగాలో, ఇంకో వారం ఆగవచ్చో అది చెబుతుంది. నీళ్లకు కటకటలాడే పావగడ తాలూకాలో అది చిన్న మాట కాదు. అందుకోసం తమ ఊరు మంగళవాడలో ఇంటి ముందు ఒక ప్లేటు నిలబెట్టి, నలభై రోజులుగా దాని మీద దుమ్మును బిడ్డలా పెంచింది. ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పింది.

ఏ దారైనా నీ ఇష్టమేనన్నారు ఇంట్లో. కానీ ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి తనే. ఇంకో ఐదేళ్లు చదువుతానని నాయన ఎర్రప్పను ఏ మొహంతో అడగాలి? అవ్వ కదిరమ్మది మాత్రం ఒకటే ప్రశ్న: "రెండిట్లో యాడ నీడ ఉండాది?"

ఊరి చుట్టూ కనుచూపు మేర సోలార్ ప్లేట్లే. ఇంట్లో మాత్రం పొద్దున్నుంచి కరెంటు లేదు. సింధుశ్రీ లాప్‌టాప్ పట్టుకుని బస్టాండు దగ్గర జెరాక్స్ అంగడికి వెళ్లింది. పదింటికి తిరిగొచ్చేసరికి ప్లేటు అద్దంలా మెరుస్తోంది. అందులో ఆమెకు తన ముఖం కనిపించింది. బాగాలేదు.

"ఎవరు కడిగింది?"

ఎర్రప్ప గర్వంగా ముందుకొచ్చాడు. సోలార్ పార్కులో ప్లేట్లు కడిగే గుంపులో అతనికి ఆరేళ్ల అనుభవం. ఆ రోజు సెలవు పెట్టుకుని మరీ కడిగాడు. "నేనే పాపా. మేడమ్ చూస్తాదంటివి గదా! పార్కులో ఎవరన్నా చూసేకి వస్తాండారంటే ముందు కడుగుతాం. నా బిడ్డ ప్లేటు గలీజుగా ఉంటే నాకు మర్యాదా?"

"ముట్టుకోవద్దని చెప్పినా గదా నాయనా!"

"నేనెప్పుడు ముట్టుకుంటి? దూరం నుంచి పైపు పట్టినా. కట్టెకు గుడ్డ కట్టి తుడిచినా."

సింధుశ్రీకి ఏడుపొచ్చింది. "నేను ఉద్యోగానికే పోవాలని కడిగినావా?" అనేసింది.

ఎర్రప్ప ముఖం మాడిపోయింది. "కడిగేది తప్ప నాకేం తెలుసు పాపా" అన్నాడు మెల్లగా.

అవ్వ లేచింది. "దుమ్ముకు ఏడుస్తారా ఎవరన్నా? మనం గొర్రెలు తోలినోళ్లం. ఒరేయ్ ఎర్రప్పా, పోయి కొల్లప్పను పిల్చుకోని రా!"

పది నిమిషాల్లో గొర్రెల కాపరి కొల్లప్ప ఎనభై గొర్రెలతో వచ్చి, వాటిని ఇంటి ముందు ఒక చుట్టు తిప్పాడు. దుమ్ము లేచింది. అవ్వ మీద పడింది, ఆరేసిన బట్టల మీద పడింది, కొల్లప్ప మీసాల మీద పడింది. ప్లేటు మీద పడలేదు.

"గాలి అట్ల కొడతాంది. ఇంగో తూరి తిప్పుతా" అని కొల్లప్ప మందను మళ్లించాడు. మళ్లిన గొర్రెలకు పక్కింటి హొన్నూరమ్మ ఆరబోసిన శెనక్కాయలు కనిపించాయి.

"కొల్లప్పా! నీ గొర్రెలకు నా పంటే దొరికిందా?"

"నన్నంటావేందక్కా? పిలిపించింది కదిరమ్మత్త!"

హొన్నూరమ్మ బిందెడు నీళ్లు విసిరింది. పావగడలో బిందెడు నీళ్లు పారబోసిందంటే ఆ కోపం ఎంతో ఊహించుకోవచ్చు. గొర్రెలు తప్పుకున్నాయి. ప్లేటు తప్పుకోలేదు. నీళ్ల మీద దుమ్ము పడి అది సగం బురద, సగం అద్దం అయింది.

అప్పుడే ఫోనులో మేడమ్ వీడియో కాల్ మోగింది. పదకొండు.

అబద్ధం చెప్పడం సింధుశ్రీకి చేతకాదు. "మేడమ్, మా నాయన కడిగేసినారు. తర్వాత గొర్రెలు వచ్చినాయి."

పుష్పావతి మేడమ్ ప్లేటును దగ్గరగా చూపించమంది. ఆమెది కోలారు వైపు, తెలుగు బాగానే వచ్చు. "ఎట్లా కడిగారు? నీళ్లతోనే పోయిందా?" అని అడిగింది.

ఎర్రప్ప తలగుడ్డ తీసి ఫోను ముందు నిలబడ్డాడు. "పోలేదమ్మా. శెనక్కాయ పొట్టు దుమ్మయితే నీళ్లకే పోతాది. రోడ్డు దుమ్ముకు గుడ్డ కావాల. మంచులో తడిసి ఎండిందయితే రెండు తూర్లు రుద్దాల. దీని మీద మూడూ ఉండాయి."

మేడమ్ ముందుకు వంగింది. సింధుశ్రీ ప్రోగ్రాము నలభై రోజుల్లో పన్నెండు రోజులు లెక్క తప్పింది. ఎందుకో ఇద్దరికీ అంతుబట్టలేదు. మేడమ్ ఆ తేదీలు చదివింది.

"అవన్నీ మంచు పడిన దినాలే గదమ్మా!" అన్నాడు ఎర్రప్ప.

ఆ తర్వాత అరగంట మేడమ్ ఎర్రప్పతోనే మాట్లాడింది. సింధుశ్రీ ఫోను పట్టుకుని నిలబడింది. చివరికి మేడమ్ అంది: "సింధుశ్రీ, వచ్చే నెల వచ్చి చేరు. మీ నాన్నగారి నంబరు మాత్రం ఇప్పుడే పంపు."

"ఐదేండ్లు పడతాది నాయనా" అంది సింధుశ్రీ, ఫోను పెట్టేసి.

"ఆరేండ్ల నుంచి కడుగుతాండా. ఆ దుమ్ము ఎందుకట్ల పట్టుకుంటాదని నన్ను ఒకరన్నా అడగలా. పో, పోయి కనుక్కో."

నాలుగున్నరకు ఆమె కంపెనీకి రాలేనని రాసేసింది.

ఆ పరిశోధన అచ్చయినప్పుడు చివరి పుటలో, చిన్న అక్షరాల్లో, ఎర్రప్ప పేరు ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ చదవరని మేడమే చెప్పింది. మీరైనా అంతవరకు వెళ్లి ఆ పేరు గుర్తు పెట్టుకోండి.